అద్దం మీదన్నావు కదా

"దీన్ని వెంట్రుకంత సన్నగా కొయ్యాలండి. మీ మిషన్ కొయ్యగలదా?"

అతీక్ తలెత్తలేదు. షాపు ముందు ఆగిన ఆటోలో దూరి, వెనకద్దానికి లోపల్నుంచి 'అమ్మ దీవెన' అంటిస్తున్నాడు. అనకాపల్లిలో సగం ఆటోల మీద అతని రేడియం అక్షరాలే.

"ఎవరి వెంట్రుక?" అన్నాడు.

"ఏటి?"

"నాదైతే సన్నం. ఎద్దుతోక వెంట్రుకైతే దళసరి. తేడా వత్తాది కదా."

"మీ నోరు కూడా కటింగ్ మిషనేనా?"

అప్పుడు తలెత్తాడు. బయట జల్లు పడుతోంది. తను తడిసినా పర్వాలేదుగానీ లాప్‌టాప్ తడవకూడదన్నట్టు దాన్ని గుండెకి అదుముకుని, తల మీద దుపట్టాతో ఒకమ్మాయి నిలబడి ఉంది. అతీక్ చేతిలోని 'దీ' అద్దం మీదికి పోకుండా అతని చొక్కాకి అంటుకుంది.

"ముందు అది పీక్కోండి," అంది ఆ అమ్మాయి నవ్వు బిగబట్టి.

పేరు ఇల్మా. బెల్లం మార్కెట్లో గోనెసంచులు అమ్మే అబూబకర్ కూతురు. కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది. లాప్‌టాప్‌లో ఆమె చూపించిన బొమ్మ అరచేతిలో పట్టేంత కార్డు. పైన పక్కపక్కన రెండు గుండ్రటి కళ్ళు. నడిమధ్య ఒకదాని కింద ఒకటి రెండు చిల్లులు. వాటిని కలుపుతూ మెలికలు తిరిగిన కాలవలు.

"ఇదేటి, ముగ్గా?"

"లేబొరేటరీ. మొత్తం లేబొరేటరీ ఇందులోనే. పై చిల్లులో రైతు బెల్లం నీళ్ళు ఒక్క చుక్క వేత్తే, కాలవలో పాక్కుంటూ ఎడమ కంటికి వెళ్తాది. అక్కడ ఊదారంగు మందు ఉంటాది. బెల్లంలో హైడ్రోస్ ఉంటే రంగు ఎగిరిపోయి తెల్లబోతాది. లేకపోతే ఊదాగానే ఉంటాది. కింద చిల్లులో మేమే హైడ్రోస్ కలిపిన నీళ్ళు వేత్తాం. అది కుడి కంటికి. రెండూ పోల్చి చూసుకోడానికి."

హైడ్రోస్ అంటే బెల్లాన్ని తెల్లగా మెరిపించే మందు. కొనేవాళ్ళకి తెలుపే కావాలి. నల్లగా ఉంటే ధర కోసేస్తారు. తెల్లగా ఉంటే మందు కలిపాడని తిడతారు. రైతు ఏం చేసినా దొంగే. ఈ దిక్కుమాలిన ఆటని ఒక్క చుక్కతో తేల్చిపారెయ్యాలని ఇల్మా పంతం.

"దేని మీద అంటిత్తారు?" అడిగాడు అతీక్.

"అద్దం మీద."

"అద్దం మీదా. సరే."

రెండు వైపులా అంటుకునే నల్లటి టేపులో కాలవలు కోయడం మొదలైంది. కోసిన టేపుని ఇల్మా గాజుపలక మీద అంటించి, పైన ఇంకో పొర వేసి మూసేది. మొదటి కార్డులు కారిపోయాయి.

"మళ్ళీ కారింది," అనేది షాపుకొచ్చి.

"ఎంత?"

"మీ గొప్పలంత."

అతీక్ మళ్ళీ కోసేవాడు. తీరిగ్గా కోసేవాడు. టీ తెప్పించేవాడు. బ్లేడు మార్చేవాడు. మార్చక్కర్లేని బ్లేడు కూడా మార్చేవాడు.

"కాస్త తొందరగా కొయ్యొచ్చు కదా?"

"తొందరగా కోత్తే తొందరగా వెళ్ళిపోతారు."

ఇల్మా వానని చూస్తున్నట్టు వీధిలోకి చూసింది. వాన ఆగి చాలాసేపయింది.

కారని కార్డులు తయారయ్యాయి. రెండు చిల్లుల్లోనూ నీళ్ళు వేసి ఎక్కడా చెమ్మ రాలేదని చూసుకుని ఇల్మా పొంగిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

మార్కెట్లో రైతు సంఘం ప్రెసిడెంటు త్రినాధరావు ముందే చెప్పేశాడు. "ఇది పని చేత్తే వేలానికొచ్చే ప్రతి బెల్లం లాటుకీ ఇదే పెడతాం పాప. చెయ్యకపోతే మాత్రం మళ్ళీ ఈ గొడవ ఇక్కడ తేకు."

మొదట ముందుకొచ్చింది కశింకోట రైతు ఎర్రయ్య. అతనివి నల్లటి బెల్లం దిమ్మలు. జన్మలో హైడ్రోస్ ముట్టని మనిషి. ఇన్నేళ్ళకి రుజువు దొరుకుతుందని ఉతికిన చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

ఇల్మా చుక్క వేసింది. కింద చిల్లులో హైడ్రోస్ నీళ్ళూ వేసింది. అందరూ వంగి చూశారు.

ఎడమ కన్ను తెల్లబోయింది.

యార్డులో గోల లేచింది. "నల్లబెల్లంలో కూడా మందేనట్రా," అని ఎవడో నవ్వాడు. కొందామని వచ్చిన వ్యాపారి పక్క లాటు దగ్గరికి జరిగిపోయాడు.

"నల్లబెల్లమోడని ఇన్నేళ్ళూ ఎక్కిరించేరు," అన్నాడు ఎర్రయ్య. "ఇప్పుడు మందుబెల్లమోడినయ్యేను. నమ్మి నీ కాడికి వచ్చేను కదమ్మా."

"రేపు వేలంలో ఆ లాటు పెట్టకండి," అన్నాడు త్రినాధరావు.

సాయంత్రం ఇల్మా షాపుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎర్రయ్య గారు అబద్ధమాడే మనిషి కాదు. తెల్లబోవాల్సిన కుడి కన్నేమో ఊదాగా ఉండిపోయింది. అంటే నా ఊదా మందే పాడు. నేను చేసిందంతా తప్పే. పారేత్తాను."

అతీక్ కార్డు అందుకున్నాడు. పై పొర ఊడదీసి కాలవల వంక చూశాడు. చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు అద్దం మీదన్నావు కదా."

"అవును. గాజుపలక మీద."

"మా పనిలో అద్దం మీదంటే లోపల్నుంచి అంటించేది. బయటోళ్ళకి తిన్నగా కనపడాలని తిరగేసి కోత్తాం. నీది కూడా అలాగే తిరగేసి కోసేను. ఎడమకి వెళ్ళాల్సింది కుడికి, కుడికి వెళ్ళాల్సింది ఎడమకి పోయింది."

ఇల్మా కార్డు లాక్కుని కాలవల వెంట వేలు నడిపింది.

"అయితే ఎర్రయ్య గారి బెల్లం..."

"కుడి కంటికెళ్ళింది. ఊదాగానే ఉంది. నీ మందు బానే ఉంది, ఇల్మా. నేనే ఎదవని."

తిడుతుందనుకున్నాడు. ఆమె కార్డునే చూస్తూ అడిగింది. "ఏదో ఒకటి చెప్పి ఇంకో సెట్టు సరిగ్గా కోసిచ్చేసుంటే నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పేవు?"

"అప్పుడు మందే పాడైందనుకుంటా ఉండిపోదువు. నాకు నచ్చిన మనిషి తన పనిని తనే అనుమానించుకుంటా ఉంటే నేను చూడలేను."

"నచ్చిన మనిషా?"

"నోరు జారింది."

"జారనీ. వెనక్కి తీసుకోకు." ఇల్మా లేచి మిషన్ స్విచ్ వేసింది. "ఇప్పుడు తిన్నగా కొయ్యి. పొద్దున్న వేలానికి ముందే మార్కెట్లో ఉండాలి."

పొద్దున్నే అతీక్ కాటా ఎక్కి నిలబడ్డాడు. దిమ్మలు తూచే చోట మనిషి ఎక్కేసరికి యార్డంతా ఇటు తిరిగింది.

"నిన్న తేడా వచ్చింది బెల్లంలో కాదు, ఆ అమ్మాయి మందులో కాదు. నేను స్టిక్కర్ తిరగేసి కోసేను. తప్పు నాది."

"నా ఆటో నంబరు కూడా తిరగేసేవేట్రా బావ?" అని వెనక నుంచి ఒకడు. జనం ఘొల్లుమన్నారు. అతీక్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా దిగలేదు.

"నవ్వండి. కానీ ఎర్రయ్య బాబాయి లాటు మళ్ళీ చూసేకే వేలం మొదలెట్టండి."

త్రినాధరావు సరేనన్నాడు. ఇల్మా చుక్క వేసింది. రెండు చిల్లుల్లోనూ చుక్క గురి తప్పలేదు. కుడి కన్ను తెల్లబోయింది. ఎడమ కన్ను వంకాయలా నిగనిగలాడుతూ ఉండిపోయింది.

"ఇంకో కార్డు," అన్నాడు త్రినాధరావు. ఇంకోటీ అదే చెప్పింది. "ఎర్రయ్య లాటు వేలంలో పెట్టండి. మందు లేని బెల్లమని గట్టిగా పిలవండి. ఇకనుంచి ప్రతి లాటుకీ ఈ కార్డే."

తెల్లబెల్లం పిచ్చి ఒక్క పొద్దులో వదిలేది కాదు. కానీ నిన్న పక్కకి జరిగిపోయిన వ్యాపారి ఇవాళ నల్ల దిమ్మల ముందు నిలబడి పాట పెంచుతున్నాడు.

గోనెసంచుల కట్ట మీద కూర్చుని ఇదంతా చూస్తున్న అబూబకర్, కాటా దిగిన కుర్రాణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఎవరబ్బాయివి?"

"చాంద్ బాషా గారి అబ్బాయిని, చాచా. మా అమ్మ షహజాదీ. మా ఇల్లు..."

"రేషన్ కార్డు అడగలేదు. ఇంతమందిలో నవ్వులపాలయ్యేవు. సిగ్గెయ్యలేదా?"

"ఏసింది."

"మరెందుకు ఎక్కేవు?"

అతీక్ చూపు ఎటు పోయిందో అబూబకర్ చూశాడు. అటు తిరిగాడు.

"నువ్వేటే, నేల చూత్తన్నావు? ఏదైనా పడిపోయిందా?"

"లేదు అబ్బాజాన్," అంది ఇల్మా, తల ఎత్తకుండానే.

అబూబకర్ గడ్డం దువ్వుకున్నాడు. "శుక్రవారం నమాజయ్యాక మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని మా ఇంటికి రా."

"దేనికి చాచా?"

"దేనికో తెలీకపోతే రాకు."

"తెలుసు అబ్బాజాన్ అతనికి," అంది ఇల్మా గబుక్కున. అని, దుపట్టా మొహం మీదికి లాక్కుంది.

పక్కనే నిలబడ్డ ఎర్రయ్య దిమ్మ అంచు విరిచి ఆమె చేతిలో పెట్టాడు.

"తినమ్మా. మంచి మాట విన్నాక నోరు తీపి సేసుకోవాల."

ఇల్మా ఆ ముక్కని రెండు చేసింది. పెద్దది అతీక్‌కిచ్చింది.