పొగగొట్టంలో పళ్ళు

ఆషాఢ బహుళ అమావాస్య... సూర్యగ్రహణం... ఆపైన అసురసంధ్య!

ఆ మూడూ ఒక్కచోట కలిసిన ఆ సాయంకాలం రాయదుర్గం గుట్టల మీద వెలుతురు చచ్చిపోతోంది. పడమటి దిక్కున కారుమేఘాల నడుమ రాహుగ్రస్తుడైన భాస్కరుడు కొడవలి ముక్కై మిగిలాడు. ఆకాశం ఉరుముతోంది గాని ఒక్క చినుకు రాలడం లేదు. రాత్రయిందని భ్రమపడ్డ గుడ్లగూబ ఒకటి బండల నెర్రెలోంచి బయటికొచ్చి... గూక్... గూక్... అని కూసింది!

దూరంగా హైటెక్ సిటీలోని గుండ్రటి అద్దాల మేడ మూగగా నిలబడి ఉంది. అందులో కంప్యూటర్లు ఆర్పేసి ఇంజనీర్లంతా మధ్యాహ్నానికే ఇళ్ళకు చేరి తలుపులు బిగించుకున్నారు. ప్రపంచాన్నంతా ఒక్క తీగకి కట్టేస్తామనేవాళ్ళకి కూడా రాహువంటే భయమే మరి!

సరిగ్గా అప్పుడే, గుట్ట కింది శివశంకర్ మెస్సులోంచి, గుండెలు అవిసిపోయేలా ఒక స్త్రీ కేక!

"ఏమయ్యా...! లాగద్దు...! తాడు లాగద్దండి...! సచ్చిపోతాండా...!"

ఆ కేక పెట్టింది శివశంకర్ భార్య అశ్విని. ఎనిమిదో నెల గర్భిణి. గ్రహణం నీడ పడకుండా చీకటి గదిలో, కడుపు మీద దర్భలు పెట్టుకుని, కదలకుండా పడుకోవలసిన మనిషి! ఆ గదిలోంచి వంటశాల గుమ్మం దాకా పాకుతూ వచ్చి, రెండు చేతులతో తల పట్టుకుని నేల మీద దొర్లుతోంది.

తాడు లాగుతున్నది ఆమె తలని కాదు. వంటశాల కప్పు మీద నిలబడ్డ కూలీ మొగిలి, పొగగొట్టంలోకి దింపిన మసి దులిపే బ్రష్‌ని లాగుతున్నాడు. అంతే!

"సార్! బ్రష్ ఇర్కింది సార్!" పైనుంచి మొగిలి అరిచాడు. "వంపు కాడ ఇర్కింది! ఎంత గుంజినా ఒస్తలేదు! లోపల ఏందో పట్టుకున్నట్టుంది!"

"ఓ పింకి నాయినా, తాడు ఇడువు!" కింద అశ్వినిని ఒడిలోకి తీసుకున్న మొగిలి భార్య సక్కుబాయి గొంతు చించుకుంది. "నువ్వు గుంజినప్పుడల్లా ఈ బిడ్డ నెత్తిలకెల్లి నెత్తురు కారుతుంది! జర ఇడువయ్యా!"

మొగిలి తాడు వదులు చేశాడు. అశ్విని కేక ఆగింది. పాపిట వెంబడి సన్నగా రక్తం... ఆమె కడుపు మీద చెయ్యి వేసిన సక్కుబాయి ముఖం పాలిపోయింది. పొద్దుటి నుంచీ తంతూ ఉన్న బిడ్డ... కదలడం లేదు!

ఆ మెస్సు యజమాని శివశంకర్ అనంతపురం జిల్లాలో కదిరి దగ్గర పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. మేడలు కట్టే కూలీలకూ ఆ మేడల్లో పనిచేసే కుర్రాళ్ళకూ రాత్రింబవళ్ళు వండి పెడుతున్నాడు. పొయ్యి చల్లారడమంటూ లేదు కాబట్టి గొట్టం దులిపే వీలూ లేదు. ఈ రోజు గ్రహణం పట్టక ముందే పొయ్యి ఆర్పాలన్నారు గనక, ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాడు. ఊరంతా దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్న వేళ ఈ మహానుభావుడు మసి దులిపించడానికి పూనుకున్నాడు!

ఆ బ్రష్‌కి రెండు వైపులా తాళ్ళు. పైతాడు కప్పు మీద మనిషి లాగాలి, కిందితాడు పొయ్యి దగ్గర మనిషి లాగాలి. తీగలు అరిగిపోయి పట్టు లేకపోతే, కొత్తది కొనడం దండగని అశ్వినే ఉపాయం చేసింది. దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టంతా ఉండ చుట్టి గోడ సందులో దాచుకోవడం ఆమెకి అలవాటు. జుట్టు కొనేవాడు వస్తే ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటుంది. మోకాళ్ళ దాకా దిగే జడ ఆమెది, ఊడినదీ తక్కువేం కాదు! ఈసారి ఆ ఉండలన్నీ విప్పి బ్రష్‌కి దట్టంగా చుట్టి కట్టింది. మసి బాగా పట్టుకుంటుందని మురిసిపోయింది కూడా. పిచ్చితల్లి... తన ప్రాణాన్ని తానే తాడు కట్టి దింపుతున్నానని ఆమెకేం తెలుసు!

ఆ గొట్టానికి వంపు ఉండవలసిన పనే లేదు. నిటారుగా కట్టి ఉంటే పొగ హాయిగా పోయేది. కానీ ఆ రోజుల్లో రాయదుర్గంలో పునాదిరాయి వెయ్యాలన్నా వాస్తు, కిటికీ పెట్టాలన్నా వాస్తు! పట్టాభిరామయ్య అనే సిద్ధాంతి జరీ ఉత్తరీయం సవరించుకుంటూ వచ్చి, పొగ ఆగ్నేయానికి తిరగాలన్నాడు. గొట్టం మధ్యలో మోచెయ్యిలా వంపు పెట్టించి, ఆ వంపులో స్వహస్తాలతో ఒక మట్టికుండ ఉంచి, రక్షాకలశమని చెప్పి మూత వేశాడు. శివశంకర్ ఆయన కాళ్ళకి మొక్కి, రోజూ భోజనం పెట్టాడు!

ఆ కుండలో ఉన్నది రక్ష కాదు... కపాలం! మూడేళ్ళుగా అన్నం వండిన పొగని పీల్చి, ఆకలి తీరక, నల్లబడి, కాచుకుని కూర్చున్న నరకపాలం! మొగిలి దింపిన బ్రష్ తగిలి కుండ పగిలింది. చుట్టిన కేశపాశం ఆ దవడల నడుమ పడింది. పటపటమని పళ్ళు బిగుసుకున్నాయి!

"హ్హ... హ్హ... హ్హ...!"

ఆ నవ్వు అశ్విని నోట్లోంచి వచ్చింది గాని అశ్వినిది కాదు. బొంగురుపోయిన మగగొంతు! కనుగుడ్లు పైకి తేలిపోయాయి. సక్కుబాయిని ఒక్క విదిలింపుతో గోడకేసి కొట్టి, అశ్విని మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. "దొరికింది... నా నోటికి దొరికింది... ఇంకొంచెం చీకటి కానీండి... లోపలున్నదాన్నీ తింటా...!"

"అశ్వినీ! నన్ను చూడు! నేను, శివశంకర్‌ని!"

"ఆవిడకి వినబడదులెండి."

గుమ్మంలో పట్టాభిరామయ్య! జరీ ఉత్తరీయం లేదు. ఒంటినిండా చితాభస్మం, మొలకి నల్లగుడ్డ, మెడలో ఎముకల మాల. మధ్యాహ్నం నుంచీ గుట్ట వెనక గుహలో హోమం చేస్తున్నవాడు, కపాలం పళ్ళు బిగుసుకున్న చప్పుడు మంత్రబలంతో విని పరుగున దిగి వచ్చాడు. కళ్ళు నిప్పుల్లా మండుతున్నాయి.

"నేనడిగానా శివశంకర్ గారూ? ఎన్నాళ్ళు ఆశపడ్డాను! మీ ఆవిడ ఒక్క వెంట్రుక నేల రాలనివ్వలేదు, అంతా గిన్నెలకి మార్చుకుంది. ఇవాళ మీరే చుట్టి, మీరే తాడు కట్టి, దాని నోట్లో పెట్టారు! బలవంతంగా తెచ్చినదానికంటే ఇల్లాలు తన చేత్తో ఇచ్చినదానికి ఫలం ఎక్కువండి!"

శివశంకర్ చేతికందిన గునపం ఎత్తి మీదికి దూకాడు. మాంత్రికుడు పెదవి కదిపాడు, అంతే! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే కొయ్యబారిపోయింది. గునపం జారి నేల మీద ఖణేలుమంది.

"ఈ రోజు సూర్యుడికి విడుపు లేదు. గ్రహణంతోనే అస్తమిస్తాడు... గ్రస్తాస్తమయం! ఆ క్షణందాకా ఆ కేశాలు ఆ పళ్ళలో ఉంటే చాలు, తల్లీ పిండం ఇద్దరూ ఆహుతి! ఆపైన పట్టాభిరామయ్యకి చావు లేదు! లాగుతారా? లాగండి! తల చర్మంతో సహా ఊడి వస్తుంది. కాలుస్తారా? కాల్చండి! ముందు ఆవిడ తలే అంటుకుంటుంది!"

శివశంకర్ నేల మీద కూలబడ్డాడు. రోషం పోయింది, సిగ్గు పోయింది. కొయ్యబారని రెండో చెయ్యితో ఆ భస్మపు కాళ్ళనే పట్టుకున్నాడు.

"సామీ, నన్ను తీసుకో! నా జుట్టు, నా తల, నా పాణం, ఏమన్నా తీసుకో! ఆయమ్మిని ఇడ్సిపెట్టు సామీ! ఇంకా లోకం చూడని బిడ్డప్పా... అదేం చేసింది నీకు?"

మాంత్రికుడు కాలితో తన్ని, వంగి ఆ పెద్ద పొయ్యిలోకి పాకాడు. చల్లారిన బూడిదలో చతికిలబడి, గొట్టంలోంచి వేలాడుతున్న కిందితాడుని రెండు చేతులకీ మెలివేసి చుట్టుకున్నాడు. పైనుంచి ఎవరూ లాగలేకుండా బిగబట్టి, కళ్ళు మూసి క్షుద్రమంత్రం అందుకున్నాడు.

"హ్రీం... క్రోం... భక్షయ భక్షయ...!"

ఫెళ్ళున పిడుగు పడింది! పడమట కొడవలి ముక్క గుట్టల అంచుని తాకింది. అశ్విని వేళ్ళ కొసలు నీలంగా మారుతున్నాయి. "సార్, ఏం జేయమంటరు? గుంజాల్నా, ఇడువాల్నా?" అని పైన మొగిలి ఏడుస్తున్నాడు. ఏ జవాబిచ్చినా భార్య చావే! ఇంత నిస్సహాయత పగవాడికి కూడా వద్దు.

మంత్రం మధ్యలో మాంత్రికుడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన ఆ ఒక్క క్షణం... తాడు కాస్త వదులైంది. అశ్విని కనుపాపలు కిందికి దిగాయి. ఆమె గొంతు ఆమెకి వచ్చింది.

"ఏమయ్యా..." నీరసంగా, పెదవుల చివరనుంచి. "వాడు పట్టుకునేది నా జుట్టునే కదా?"

"అవునే... అవును..."

"అయితే అది నాది కాదు పో!"

పళ్ళు బిగబట్టి, గోడ పట్టుకుని ఆమె లేచి నిలబడింది. నెత్తురు కారుతున్న తల మీద కొంగు కప్పుకుని రెండు చేతులూ జోడించింది.

"కదిరి నరసింహసామీ! నా తలనీలాలు నీకిచ్చేసినా! ఉన్నెయ్యీ, ఊడినెయ్యీ, ఆ పళ్ళల్లో ఉండేయ్యీ... ఒక్క ఎంటిక గూడా నాకొద్దు! అన్నీ నీవే సామీ! నీ సొత్తు నువ్వే తెచ్చుకో... నా బిడ్డను నాకియ్యి!"

పొయ్యిలో మంత్రం టక్కున ఆగిపోయింది.

"ఏయ్!" పట్టాభిరామయ్య గొంతు మొదటిసారి వణికింది. "ఆ మాట వెనక్కి తీసుకో! ముత్తయిదువవి, నిండు గర్భిణివి, గ్రహణంలో మొక్కేమిటి? తీసుకో వెనక్కి!"

మొక్కిన మాట వెనక్కి తీసుకునే ఆడది అనంతపురం జిల్లాలో పుట్టలేదు! తలనీలాలని నోటితో అన్నాక అవి దేవద్రవ్యం. దేవుడి సొమ్ముని ఇప్పుడు ఒక పుర్రె పళ్ళతో కరిచి పట్టుకుంది... ఒక మనిషి చేతులకి చుట్టుకుని కూర్చున్నాడు!

"నర్సిమ్మా...! యాదగిరి నర్సిమ్మా...!" కప్పు మీద మొగిలి ఆ పేరు విని వెర్రిగా అరిచి, ఉన్న బలమంతా పెట్టి తాడు గుంజాడు.

శివశంకర్ కళ్ళు మూసుకున్నాడు. కేక వినబడలేదు. అశ్విని అలాగే చేతులు జోడించి నిలబడి ఉంది. ఆమెకి నొప్పి లేదు!

అప్పుడు... గొట్టంలోంచి... ఒక గర్జన!

ఉరుము కాదది. ఉరుము ఆకాశంలో పుడుతుంది, ఇది ఇటుకల్లో పుట్టింది. పగలా అంటే పగలు కాదు, రాత్రా అంటే రాత్రి కాదు. ఆ గొట్టం ఇంటి లోపలా కాదు, బయటా కాదు. అలాంటి వేళా అలాంటి చోటూ ఆ స్వామికి కొత్త కాదు!

"వద్దు... వదిలెయ్... తాడు వదిలేస్తాను... అమ్మా...!"

వదలడానికి మెలి ఊడితేగా! తాడు ఒక్క ఊపున పైకి లేచింది. దాంతోపాటు చేతులు, ఆ వెనకే తల. మనిషి పట్టని ఇరుకు గొట్టంలోకి పట్టాభిరామయ్యని మనిషికి మనిషినే ఈడ్చుకుపోయింది! ఎముకలు పటపట విరిగిన చప్పుడు... బయట గొట్టం ఇటుకలు కింది నుంచి పైకి ఉబ్బుకుంటూ పోయి వంపు దగ్గర ఆగాయి. ఒక్క ఆర్తనాదం! అంతే, ఫెటిల్లున వంపు పగిలి, గొట్టం మీద ఐదు నెర్రెలు గోళ్ళతో చీరినట్టు నిలువునా విచ్చుకున్నాయి. పిడికెడు నల్లటి పొడి జలజలా పొయ్యిలోకి రాలింది. అది కపాలానిదో మాంత్రికుడిదో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సూర్యుడు అస్తమించాడు. చినుకులు మొదలయ్యాయి.

"ఒచ్చింది సార్! బ్రష్ ఒచ్చింది!" మొగిలి నిచ్చెన మీంచి జారుకుంటూ దిగి వచ్చాడు. చేతిలోని బ్రష్‌ని శివశంకర్ ముందు పెట్టి బిక్కమొహం వేశాడు. "కానీ... ఎంటికలేవి సార్? ఒక్కటి సుత లేదు."

వట్టి తీగలు, కడిగి తుడిచినట్టు మెరుస్తున్నాయి. మసి మరక కూడా లేదు.

నెత్తురు తుడవబోయి సక్కుబాయి అశ్విని తల మీది కొంగు మెల్లగా తీసింది. తీసి, "అమ్మో!" అంటూ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నెత్తురు లేదు. గాయం లేదు. మోకాళ్ళ దాకా దిగే ఆ జడ లేదు! అప్పుడే క్షవరం చేసి చందనం పూసినట్టు, నున్నగా, చల్లగా... బోడితల!

అశ్విని తడుముకుంది. పెళ్ళినాటి నుంచీ ఆ జడ చూసుకునే గర్వపడ్డ మనిషి... ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వొచ్చింది. భర్త చెయ్యి పట్టి కడుపు మీద పెట్టుకుంది.

"కదిరి దాకా రమ్మనలేదయ్యా... సామే వచ్చి తీసుకున్యాడు."

ఆ చేతి కింద బిడ్డ గట్టిగా ఒక్క తన్ను తన్నింది.