రికార్డు మీది బొట్టు

"మేడం, మా బాపును ఎత్తుకపోయిన్రు!"

మెట్లెక్కిన ఆయాసం తీరకముందే బ్యాండు మాస్టర్ లింగమూర్తి అన్న మాట అది. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి డిటెక్టివ్ వందన ఆఫీసులో, అసిస్టెంటు బుచ్చిరాములు చేతిలో చాయ్ ఒలికింది. ఆ రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌కు కిడ్నాప్ కేసంటే మాటలా!

తీరా చూస్తే పోయింది పాత ఎల్పీ రికార్డు. లింగమూర్తి తండ్రి ఒకప్పుడు బొంబాయిలో ఓ జాజ్ గాయని వెనక, పెద్ద బ్యాండులో ట్రంపెట్ ఊదాడు. ఆయన పోయాక హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో ఆ రికార్డు కొడుకు కంటపడింది. తండ్రి ఊపిరి వినిపించేది ఇక అందులోనే.

"రేపు బాపు పోయిన దినం. ఏటా పెట్టుకొని వింటం. ఇయ్యాల పెట్టి చూస్తే దొరసాని పాటకు బదులు హరికథ వచ్చింది! ఈ ఏడు మాకు కాలమే బాగలేదు మేడం. పెత్తరమాస, గదే పెద్దల అమాస, తెల్లారే బాపు తమ్ముడు చిన్నబాపు పోయిండు. మైలతోని దసరా గూడ చేసుకోలే."

వందన అప్పటికే చెప్పులేసుకుంది.

లింగమూర్తి ఇంట్లో రికార్డు అట్ట పాతదే ఉంది. లోపల మాత్రం వేరే రికార్డు, నడుమ అలాంటి ఎర్ర బిళ్లతోనే. బిళ్ల మీద గుండ్రంగా కుంకుమ బొట్టు.

"ఈ బొట్టేందన్నా?"

"వాయిద్యాలతోపాటు దానిక్కూడ దసరాకు పెడుతం. పెత్తరమాసకు పాతది తుడుస్తం."

పెత్తరమాసకు రికార్డు తుడిచాక, లింగమూర్తి కాకుండా అది ఉన్న గది వైపు వెళ్లింది ముగ్గురే.

"ఊడ్వనీకె పోత. రికార్డు పెట్టె ముడితే ఆయన ఊకోడు," అంది లింగమూర్తి భార్య మహేశ్వరి.

ఇంట్లోనే ఉండే మేనల్లుడు కర్ణాకర్ క్లారినెట్ వాయిస్తాడు. "హైదరాబాదాయన ఒకడు అమ్ముమని అడిగిండు, నిజమే. మామకు తెలిస్తే నన్ను బతకనిస్తడా?"

బుచ్చిరాములు మీసం మెలేశాడు. దొంగ దొరికాడు!

మూడోవాడు శైలేందర్. ఎండకాలంలో గురువుతో మాటామాటా పెరిగి దౌల్తాబాద్ బ్యాండులో చేరిన శిష్యుడు. మళ్లీ చేర్చుకొమ్మని మొన్ననే వచ్చిపోయాడు. ఫోన్ చేసి పిలిపిస్తే వచ్చాడు. "గడపల నిలబడి దండం పెట్టుకున్న, గంతే."

వందన అందరినీ కూర్చోబెట్టింది. బుచ్చిరాములు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఈ ఘట్టం ఎన్నిసార్లు చూసినా ఆయనకు తనివి తీరదు.

"అసలు రికార్డుకు ఈ ఏడు బొట్టే లేదు. పెత్తరమాసకు తుడిచిన్రు, మైల వచ్చింది, మళ్ల పెట్టలే. దొంగ మాత్రం బొట్టు పెట్టి తయారుగ తెచ్చిండు. ఆయనకు ఈ ఇంటి ఆచారం తెలుసు, ఈ ఇంట్ల చావు తెల్వది. మహేశ్వరక్క, కర్ణాకర్ ఈ ఇంట్ల మైల చూసినోళ్లు. దసరాకు ఈడ లేనిది ఎవరు, శైలేందర్?"

శైలేందర్ లేచి బయటికి నడిచాడు. బండి సంచిలోంచి ధోవతిలో చుట్టిన రికార్డు తెచ్చి గురువు కాళ్ల దగ్గర పెట్టాడు. "ఎన్నడు విననియ్యకపోతివి మాస్టరూ. గా ట్రంపెట్ ముక్క ఒక్కటి నేర్చుకొని మళ్ల పెడుదామనుకున్న."

లింగమూర్తి చెయ్యెత్తాడు. వందన అడ్డం వచ్చింది. "నేర్చుకున్నవా?"

శైలేందర్ ట్రంపెట్ అందుకుని ఊదాడు. మెల్లగా ఎక్కి, ఒకచోట విరిగి, మళ్లీ లేచింది స్వరం. మహేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుచ్చిరాములు కర్ణాకర్ భుజం మీద చెయ్యి వేశాడు.

లింగమూర్తి ఎత్తిన చెయ్యి దించాడు. కళ్లనిండా నీళ్లు.

"గాడ ఊపిరి తీస్తున్నవ్‌రా. మా బాపు గాడ తియ్యడు." తన పక్కన జాగ చూపించాడు. "గీడికి రా. మళ్ల మొదటి సంది ఊదు."