ఎడమ కొస, కుడి కొస

శవం నోట్లో ఎవరో ఎల్‌ఈడీ బల్బు కుక్కారు.

ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యల తుక్కు పారబోసే మూల అది. ఏజెంట్ గవర్రాజు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. చనిపోయినవాడు వీరన్న. టూరిస్ట్ బస్సు డ్రైవరు, డిపార్ట్‌మెంట్‌కి ఇన్‌ఫార్మర్. మనిషిని చంపడమే కాక, చంపాక ఈ వేళాకోళం కూడానా! గవర్రాజు రుమాలు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు. ఈ ఒడ్డునే చేపల బుట్టల మధ్య పుట్టి పెరిగినవాడికి అక్కడి కంపు కొత్త కాదు. ఈ మనుషులే కొత్త.

బ్రీఫింగ్ గోపాలపట్నంలో, టైర్ల షాపు మీది గదిలో జరిగింది. చీఫ్ అర్జునరావు మిరపకాయ బజ్జీ నములుతూ మాట్లాడుతున్నాడు. నూనె చేతిని కర్టెన్‌కి తుడుచుకున్నాడు. దేశ భద్రత ఈ చేతుల్లోనే ఉందని గుర్తొచ్చి గవర్రాజు ముఖం తిప్పుకున్నాడు.

"వీరన్న పనిచేసింది తాతబాబు బస్సులోనే. విదేశీ ముఠాకి ఈ ఊళ్లో మనిషి ఆ తాతబాబే. ఇవాళ సాయంత్రం మన సబ్‌మెరైన్ హార్బర్ దాటుతుంది. ఉత్తరానికి తిరిగిందా, దక్షిణానికి తిరిగిందా? ఆ ఒక్క ముక్క వాళ్లకి కావాలి."

"తెలిస్తే ఏటి సేత్తారు సార్?"

"రీసెర్చ్ పేరు చెప్పి వాళ్ల ఓడ ఒకటి సముద్రంలో లంగరేసి ఉంది. దారి తెలిస్తే ముందే వెళ్లి నీటి కింద పేలుడు సామాను దింపుతుంది. రేపు పేపర్లో ప్రమాదం అని వస్తుంది."

"ఆ ముక్క ఫోన్లో సెప్పుకోవచ్చు గదా?"

"ఫోన్లూ వైర్‌లెస్సూ మనం వింటున్నాం. అందుకే లైటుతో చెబుతారు. తాతబాబు బస్సు వెనకాల ఆ చివరి నుంచి ఈ చివరి దాకా లైట్ బార్ బిగిస్తున్నారు. ఎడమ కొస ఎక్కువ వెలిగితే ఉత్తరం. కుడి కొస వెలిగితే దక్షిణం. ఓడ మీద టెలిస్కోప్ పెట్టుకుని చూస్తారు."

గవర్రాజు కుర్చీలోంచి లేచాడు. అక్క చిట్టెమ్మ మొగుడు ఎల్లారావు ఆ సబ్‌మెరైన్‌లోనే ఉన్నాడు. పొద్దున్నే బావ ఫోన్ చేసి నవ్వుతూ వెళ్లొస్తానన్నాడు.

"ఇప్పుడే పోయి బస్సు పట్టీసుకుంటాను సార్."

"పట్టుకుంటే తాతబాబే దొరుకుతాడు. పోర్టులోంచి కబురు మోసే ఎలక పారిపోతుంది. వాడు కబురు పట్టుకుని బస్సు దగ్గరికే వస్తాడు. రాగానే ఈ రిమోట్ నొక్కు, లైట్ బార్‌కి కరెంటు పోతుంది. ఇదిగో చిప్. దీన్ని బార్‌లో పెట్టాల్సింది నాగశ్రీ. ఆ లైటు డిజైన్ చేసింది ఆవిడే. వాళ్ల మనిషే, మనకీ పని చేస్తుంది."

"నమ్మొచ్చా?"

"ఆవిడ గురించి వాళ్లూ అదే అడుగుతున్నారట," అని చీఫ్ ఇంకో బజ్జీ అందుకున్నాడు.

పరవాడ దారిలో ఉన్న లాంపుల ఫ్యాక్టరీకి గవర్రాజు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్లాడు. పెట్టుడు మీసం జిగురు కంపు కొడుతోంది. డిజైన్ రూమ్‌లో నాగశ్రీ కూర్చుని ఉంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, గది నిండా సెంటు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి ఇంత తీరిగ్గా అలంకరించుకుంటుందా అని అతనికి రోత పుట్టింది.

"మచ్చలేని దీపం దొరుకుద్దా మేడమ్?" కోడ్ వర్డ్ అన్నాడు.

"కళ్లున్నవాడికి దొరకదండీ," అందామె. సరైన జవాబే.

ఆమె బల్ల మీద నిలువెత్తు అక్రిలిక్ కడ్డీ ఉంది. గాజులా తేటగా ఉంది. వెనకవైపు పొడుగునా సన్నటి గాట్లు. నాగశ్రీ ఒక కొసనున్న ఎల్‌ఈడీ వెలిగించింది. ఆ కొస భగ్గుమంది. పోనుపోను వెలుగు సన్నగిల్లి అవతలి కొస నల్లగా ఉండిపోయింది.

"దీన్ని లైట్ గైడ్ అంటామండీ. వెలుగు లోపల్లోపలే జారుకుంటూ పోతుంది. గాటు తగిలినచోట బయటికొస్తుంది. గాట్లన్నీ ఒకే లోతుగా కోస్తే మొదట్లోనే వెలుగంతా అయిపోతుంది. బంతిలో మొదటి నలుగురికే లడ్డూలన్నీ వడ్డించేస్తే చివరివాడికి ఏం మిగుల్తుంది? తాతబాబుకి కావలసింది సరిగ్గా ఇదే. శాంపిల్ చూసుకుని మురిసిపోయాడు."

చెబుతుంటేనే ఆమె పెదవి వంకర తిరిగింది. కడ్డీని పురుగు పట్టిన వంకాయలా పక్కకి నెట్టింది. గవర్రాజు చిప్ ఇచ్చాడు. ఆమె దాన్ని గుప్పిట్లో మూసుకుని, "బార్ ఇంకో గంటలో బస్సుకి బిగిస్తున్నారు. మీరు వెళ్లండి," అంది.

పొద్దు వాలే వేళకి తాతబాబు బస్సు భీమునిపట్నం రోడ్డు పక్కన, వెనకభాగం సముద్రం వైపు పెట్టి ఆగింది. గవర్రాజు మెడలో మరమరాల తట్ట తగిలించుకుని దానికి ఆనుకుని నిలబడ్డాడు. తాతబాబు మెట్టు మీద కూర్చుని రొయ్యల వేపుడు తింటూ పొట్టు ఇసకలోకి ఉమ్ముతున్నాడు.

"ఏటి బావ, మొకమలా ఎట్టీసినావ్? యాపారం లేదేటి?" అని నవ్వాడు. నిన్న మనిషిని చంపించినవాడి నవ్వులా లేదది. గవర్రాజు తల వంచుకుని తట్టలో మరమరాలు కెలికాడు.

తెల్ల చొక్కా, నుదుట విభూతి పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు స్కూటర్ దిగాడు. పోర్టు ఆఫీసులో పనిచేసే కృష్ణంరాజు. చీఫ్ చూపించిన అనుమానితుల ఫొటోల్లో ఉన్న మనిషే.

"ఎడమ," అన్నాడు తాతబాబుతో. తరవాత గవర్రాజు వైపు తిరిగి, "మరమరాలు కలుపు. నిమ్మకాయ బాగా పిండవయ్యా," అన్నాడు.

ఒక సబ్‌మెరైన్ నిండా ఉన్న మనుషుల్ని అమ్మేసి, ఆ నోటితోనే నిమ్మకాయ అడుగుతున్నాడు! గవర్రాజు తట్ట కింద రిమోట్ నొక్కాడు. తాతబాబు డ్రైవర్ సీటు వైపు వెళ్తున్నాడు. ఇంకోసారి నొక్కాడు. రిమోట్ మీద ఎర్ర దీపం మినుకుమంది. చిప్ దొరకలేదు.

నాగశ్రీ చిప్ పెట్టలేదు.

"ఎల్లారావు బావా!" అని గవర్రాజు గొంతు చించుకున్నాడు. తట్ట విసిరికొట్టి బస్సులోకి దూకాడు. తాతబాబు నడుం పట్టుకుని లాగాడు. అప్పటికే ఆలస్యమైంది. ఎడమ స్విచ్ పడిపోయింది.

"ఎడమేదిరా?" బయటి నుంచి కృష్ణంరాజు కేక వినిపించింది. "అంతా ఒక్కలాగే ఉంది!"

పెనుగులాటలోనే తాతబాబు కుడి స్విచ్ వేశాడు. "ఇదీ అంతే!" అన్నాడు కృష్ణంరాజు. వెనక బార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నీరెండలా, మందంగా, ఎక్కడా హెచ్చుతగ్గు లేకుండా వెలుగుతోంది. ఓడలోవాళ్లు ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టుకుని చూసినా అందులో దిక్కు లేదు. రోడ్డవతలి తోటల్లో మాటు వేసిన డిపార్ట్‌మెంట్ కమాండోలు వచ్చి ఇద్దర్నీ బోర్లా పడుకోబెట్టారు.

గవర్రాజు ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావ బతికాడు.

తలెత్తేసరికి ఎదురుగా నాగశ్రీ, కారు దిగి నిలబడి ఉంది.

"సిప్పేది?"

"కాలవలో పారేశానండీ. అది పెడితే బార్ మధ్యలో నల్ల మచ్చ పడుతుంది. అందుకని గాట్లన్నీ పైపైనే కోసిన కడ్డీ బిగించాను. రెండు కొసలా అద్దాలు పెట్టాను. వెలుగు కొట్టుకుని వెనక్కీ ముందుకీ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ అంతటా కాస్త కాస్త ఒలుకుతుంది. ఏ కొస వెలిగించినా ఒకటే."

"ముందే సెప్పొచ్చు గదా! నాను సచ్చి బతికాను!"

"చెబితే మీ చీఫ్‌ గారు చిప్పే పెట్టమంటారు."

"దేశం కోసం సేసినారా?"

ఆమె మొహం చిట్లించింది. "రిపోర్టులో అలా రాయకండి. నా చేతి లాంపు ఎగుడుదిగుడుగా వెలిగి, దాన్ని ఓడ నిండా జనం టెలిస్కోప్ పెట్టి చూస్తారా? ఛీ!"

బావ ప్రాణం డిపార్ట్‌మెంట్ నిలబెట్టలేదు. ఈవిడ పట్టుదల నిలబెట్టింది. గవర్రాజుకి తన ఉద్యోగం మీదే అసహ్యం వేసింది. చీఫ్ నుంచి మెసేజ్ వచ్చింది: నాగశ్రీని కూడా అరెస్టు చేసి తీసుకురా.

"పదండి మేడమ్. జీపెక్కండి."

నాగశ్రీ రెండడుగులు వేసి ఆగిపోయింది. డిపార్ట్‌మెంట్ జీపు ముందున్న పట్టీ దీపం వైపు వేలు చూపించింది. "సంకెళ్లు వేయండి, వస్తాను. దీన్లో మాత్రం ఎక్కను."

గవర్రాజు చూశాడు. ఆ పట్టీ దీపం ఒకచోట తెల్లగా, ఒకచోట పచ్చగా, మధ్యమధ్య గజ్జి పట్టినట్టు నల్లగా వెలుగుతోంది. రోజూ ఎక్కే బండే. ఇన్నాళ్లూ ఎలా ఎక్కాడో అర్థం కాక, రోడ్డు మీదకి వెళ్లి ఆటో పిలిచాడు.