చూపించని ఫొటోలు

"ఫొటోలు చూపించకుండా కెమెరా జబ్బేమిటో చెప్పమంటే ఎలాగండీ?" అన్నాడు జుహైర్.

"చూపించను," అంది ఇబ్తిహాల్, కెమెరాను గుండెకు అదుముకుంటూ. "ఆడవాళ్ళ గోరింటాకు వేడుక అది. అందరూ తలమీద ముసుగు తీసేసి కూర్చున్నారు. నన్ను నమ్మే కదా తీయనిచ్చారు!"

టెటువాన్ ఊరి పాతబస్తీలో కెమెరాలు బాగుచేసే దుకాణం జుహైర్‌దొక్కటే. ఇబ్తిహాల్ ఫొటోలు తీస్తున్న మొదటి పెళ్ళి ఇది. నిన్న తీసినవన్నీ పాడయ్యాయి. ఈ సాయంత్రం పెళ్ళికూతురు ఆడవాళ్ళ మధ్య తెల్లబట్టల్లో కూర్చుంటుంది. ఆ ఫొటోలు కూడా పాడైతే ఊళ్ళో ఇంకెవరూ ఆమెను పనికి పిలవరు. కెమెరా పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

అది కనిపెట్టాడేమో, జుహైర్ మెత్తబడి, మర్యాదగా లల్లా అని పిలిచాడు. "సరే లల్లా. మీరు చెప్పండి, నేను వింటాను."

"తెల్లబట్టలు బూడిదరంగులో పడ్డాయి. ముఖాలకు మసి పూసినట్టుంది. ఫ్లాష్ వేస్తే ఇంకా ఘోరం. ఫొటో అడుగున అర్ధచంద్రంలా నల్లటి నీడ, సరిగ్గా గోరింటాకు చేతుల మీదే!"

జుహైర్ కెమెరా వంక చూసి పకపకా నవ్వాడు. "లెన్స్ ముందు ఆ గొట్టం ఎందుకు తగిలించారు?"

"అది ఉంటే పెద్ద ఫొటోగ్రాఫర్‌లా కనిపిస్తానని..."

"కనిపించారు లెండి. ఫ్లాష్‌కు అడ్డం పడేది అదే. తీసేయండి."

తర్వాత తన తెల్ల జెల్లాబా, ఆ పొడుగాటి అంగీ, దులుపుకుని, సున్నం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు నన్ను తీయండి."

తీసింది. మళ్ళీ అదే బూడిదరంగు.

"తెలుపు ఎక్కువైతే కెమెరా కంగారుపడుతుంది. వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఈ వెలుగు మీటను ప్లస్ గుర్తు వైపు కాస్త జరపండి."

ఈసారి జెల్లాబా పాలలా మెరిసింది. మసిలో దాగిన చెంప సొట్ట కూడా బయటపడింది. ఇబ్తిహాల్ మళ్ళీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"వచ్చేసిందిగా?"

"ఏమో, ఖాయం చేసుకుంటున్నా," అంది. చెవులు వేడెక్కాయి.

మర్నాడు పరుగులాంటి నడకతో వచ్చింది. "ఒక్కటీ పాడవలేదు! పెళ్ళికూతురు నన్ను పట్టుకుని ఏడ్చేసింది!"

"నాకు మాత్రం ఎప్పటికీ చూసే భాగ్యం లేదు."

"లేదు," అంది. ఆ మాట అంటుంటే ఆమెకే బాధేసింది. తన పని ఒక మనిషికి చూపించాలనిపించడం ఇదే మొదలు, ఆ మనిషికేమో చూపించకూడదు.

"మా అమ్మ చూడొచ్చుగా? ఆడమనిషేగా?"

"ఆడవాళ్ళెవరికైనా చూపించుకోమని పెళ్ళికూతురే చెప్పింది."

మాట ముగియకుండానే వెనకగదిలోంచి వాళ్ళమ్మ వచ్చింది. పండగ బట్టలు కట్టుకుని మరీ కూర్చుందక్కడ! జుహైర్‌ను బయటికి తరిమి, ఇబ్తిహాల్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్కో ఫొటోకూ ఒక్కో ప్రశ్న వేసింది: ఎవరి అమ్మాయివి, ఎంతమంది తోబుట్టువులు, రొట్టె ఇంట్లోనే కాలుస్తారా?

జుహైర్ గుమ్మం దగ్గర కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఎలా ఉన్నాయమ్మా ఫొటోలు?"

"నాకేం తెలుసు? కళ్ళజోడు తెచ్చుకోలేదు," అంది ఆవిడ తీరుబడిగా. "నేను చూసింది అమ్మాయిని."

జుహైర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇబ్తిహాల్‌కు భయం వేయలేదు, సంతోషం వేసింది. కెమెరా సంచిలో పెట్టుకుని లేచింది.

"శుక్రవారం కళ్ళజోడుతో మా ఇంటికి రండి పిన్నీ. మా అమ్మ టీ బాగా పెడుతుంది." గుమ్మం దాటుతూ, అతని వంక చూడకుండానే అంది, "మీ అబ్బాయిని కూడా తీసుకురండి."