ఊరు అడిగే సందు

రాఫెల్స్ ప్లేస్ అద్దాల మేడల వెనక, నది వైపు దిగే ఒక సన్నటి సందుంది. పొద్దుగూకితే ఈ దేశంలో ఉండే మన తెలుగువాళ్ళు అటు అడుగు పెట్టరు. వాన పడుతున్నా సరే, చుట్టూ తిరిగే పోతారు.

మిగతావాళ్ళకి అక్కడ ఏమీ వినపడదట. మనకే... చీకట్లోంచి మెల్లగా, మన భాషలో — "మీదే ఊరండీ?"

మన సంగతి తెలిసిందేగా! ట్రైన్‌లో ఒక తెలుగు ముక్క చెవిన పడితే చాలు, ఊరు, ఇంటిపేరు, బాబాయి గారి ఉద్యోగంతో సహా అప్పజెప్పేస్తాం. ఆ సందులో అలా జవాబు చెప్పారో... కడుపులో దాచుకున్నదంతా కక్కించేదాకా వదలదట.

ఆ గొంతు ఎవరిదో సుందరరావు అంకుల్ చెప్పారు. తరాల కిందట ఇక్కడికొచ్చిన కుటుంబం ఆయనది. కుంఫిణీ కాలంలో మద్రాసు వైపు నుంచి ఖైదీలను ఓడల్లో తెచ్చి, రోడ్లు వేయించారు, మేడలు కట్టించారు. కాపలాకి అంతమంది తెల్లవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? అందుకని ఖైదీల్లోనే కొందరిని మిగతావాళ్ళ మీద కాపలా పెట్టారు.

"వాళ్ళలో ఒకడు తెలుగువాడమ్మా," అన్నారు అంకుల్, గొంతు తగ్గించి. "కొత్తగా దిగినవాణ్ణి ఊరడిగేవాడు. అయ్యో, మాదీ ఆ పక్కనే అనేవాడు. పారిపోదామన్న ఆలోచన ఉంటే లాగేవాడు... తెల్లారేసరికి దొరకి చేరవేసేవాడు."

నేను నవ్వేశాను. మొన్న ఆదివారం చక్రధర్ ఈ సంగతి చెప్పేదాకా నమ్మలేదు.

చక్రధర్, అతని భార్య నందిత వుడ్‌ల్యాండ్స్‌లో మా పై అంతస్తులోనే ఉంటారు. ఆ మధ్యే అతన్ని ఆఫీసులో టీమ్ లీడ్ చేశారు. చేసిన వారానికే మేనేజరు పిలిచి, మీ టీమ్‌లో పృథ్వీ వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడా, కనుక్కో అన్నాడట.

పృథ్వీ నాకూ తెలుసు. మంచి కుర్రాడు. భార్య కీర్తిక కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. కొత్తది ఖాయం కాకముందే ఈ మాట బయటపడితే ఉన్న ఉద్యోగం ఊడుతుంది, దాంతోపాటు ఇక్కడ ఉండనిచ్చే పాసూ పోతుంది. ఆ స్థితిలో ఉన్న పిల్లతో పెట్టెలు సర్దుకోవాలి.

"నది దగ్గర తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి రమ్మన్నానాంటీ, నెమ్మదిగా మాట్లాడదామని," అన్నాడు చక్రధర్. "నాకు ఆఫీసులో ఆలస్యమైంది. తొందరలో ఆ సందులోంచి దిగాను. దీపం లేదు... గోడ పక్కన ఎవరో ఉన్నట్టు... అప్పుడే వినపడింది."

"ఏమని?" అంది నందిత.

"మీదే ఊరండీ... అని."

నిజం చెప్తున్నాను, భయమేసింది.

"నోరు మెదపలేదాంటీ. పరుగే! అక్కడికెళ్ళి చూస్తే పృథ్వీ లేడు. ఫోన్ చేస్తే — ఇప్పుడేగా అన్నా, సందులో మీకంతా చెప్పేశాను, ఇంటికెళ్ళిపోతున్నా... అన్నాడు."

"నువ్వు కలవనే లేదుగా?"

"అదే కదా! నా రూపంలో... ఎవరు విన్నారో!"

మర్నాడు పొద్దున్నే పృథ్వీని తీసేశారట. తను మాత్రం మేనేజరుకి ఒక్క ముక్క చెప్పలేదని చక్రధర్ దేవుడి పటం వైపు చెయ్యి చాపి ఒట్టేశాడు. నందిత గుండెల మీద చెయ్యేసుకుంది. పాపిష్టి దయ్యం, వందల ఏళ్ళయినా దాని బుద్ధి పోలేదు అనుకున్నాను నేను.

"ఇప్పుడెక్కడున్నారు వాళ్ళు?" అన్నాను.

"వెళ్ళిపోయారాంటీ, నిన్ననే." చక్రధర్ తల దించుకున్నాడు. "పాపం... ఆ చీకట్లో గోడకి తల ఆనించి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. కీర్తిక ఇక్కడే కనాలి అన్నా, అప్పటిదాకా ఎవరికీ చెప్పకన్నా అని నా చెయ్యి పట్టుకుని... నిద్ర పట్టట్లేదు నాకు."



"ఎవరి చెయ్యి పట్టుకున్నాడు, చక్రధర్?" అన్నాను.

నందిత అతని పక్కనుంచి లేచి, వచ్చి నా పక్కన కూర్చుంది.