ఓడ అడుగున మూడు చప్పుళ్ళు

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్న తాతగారూ, మీకే చెప్తున్నాను, కాస్త గోడ వదిలి ఇటు రండి. ఈ కథ గోడ గురించే. సగం విన్నాక మీరే ఉలిక్కిపడి లేస్తారు, ఆ తిప్పలెందుకు?

పిల్లలు పెద్దల ఒళ్ళో కూర్చోండి. పెద్దలకి భయమేస్తే దేవుణ్ణి తలుచుకోండి. నేనూ తలుచుకునే మొదలుపెడుతున్నాను... స్వామీ, ఈ నోట అబద్ధం రానీయకు.

ఇది నేను అల్లింది కాదు. మా ప్రార్థన గది తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగి తన నోటితో చెప్పింది. మధ్యమధ్య స్క్రూలు నోట్లో పెట్టుకునేవాడు, అప్పుడల్లా మాట ఆగిపోయేది. నేనూ అక్కడక్కడా ఆగుతాను. ఓపిక పట్టండి.

రేవు చివర, ఎవరూ వాడని పాత జెట్టీకి ఒక ఓడ కట్టేసి ఉండేది. సరుకుల ఓడ కాదు. జనాన్ని విహారానికి తిప్పిన ఓడ. ఒకప్పుడు దాన్నిండా దీపాలు, బ్యాండు మేళం, డెక్కు మీద వరసగా పడక కుర్చీలు. ఇప్పుడు దీపం లేదు, మేళం లేదు. చేతులు మారినప్పుడల్లా పేరు మారింది. చివరికి ఆ పేరు మీద కూడా తెల్లరంగు పూసేశారు. ముక్కలుగా కోసే చోటికి లాక్కుపోయే రోజు కోసం అలా నిలబడి ఉంది.

ఆ ఓడకి చెడ్డ పేరు.

అన్నిటికంటే కింది డెక్కులో, చౌక టికెట్ల వాళ్ళు పడుకునే సందులో, రాత్రి పదకొండయ్యేసరికి... గోడలోంచి చప్పుడు.

టక్... టక్... టక్.

మూడే. నాలుగోది ఉండదు. ఎవరో లోపలినుంచి తడుతున్నట్టు. తట్టి, జవాబు కోసం చూస్తున్నట్టు.

ఆరు నెలల్లో నలుగురు వాచ్‌మెన్ మానేశారు. ఒకడైతే చెప్పులు కూడా ఓడలోనే వదిలేసి పరిగెత్తాడు. జీతం కోసం తిరిగొచ్చాడు గానీ చెప్పుల కోసం రాలేదు. అయిదో మనిషి నిలిచాడు. ముసలాయన. ఒక చెవి వినపడదు. ఆ చెవిని ఓడవైపు పెట్టి జెట్టీ మీద కూర్చుంటాడు.

ఇక మన వడ్రంగి సంగతి.

యాభై దాటిన మనిషి. చేతిలో పనితనం ఉంది. కానీ నాలుగు నెలలుగా కంటిమీద కునుకు లేదు. భార్య పోయింది. పోయిన రోజు ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. తింటాడు, పనికెళ్తాడు, వస్తాడు, పడుకుంటాడు, కళ్ళు తెరిచి పైకప్పు చూస్తాడు. తెల్లారుతుంది.

"లోపలంతా మొద్దుబారిపోయిందండీ," అన్నాడు నాతో. "పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుంది చూడండి, అలాగ. మన పెదవే. కొరికినా తెలీదు."

కూతురు బతిమాలింది. "నాన్నా, ఒక్కసారి ఏడువు. గట్టిగా అరిచెయ్యి. నన్ను తిట్టు. ఏదో ఒకటి చెయ్యి నాన్నా, నాకు భయంగా ఉంది."

"అలాగేలేమ్మా," అన్నాడట. ఏడుపు అడిగితే అలాగేలే అంటే వచ్చేదా?

నిద్రలేని మనిషి కోత మిషను దగ్గర నిలబడితే ఏమవుతుంది? ఒకరోజు చూపుడువేలు కొస తెగింది. రక్తం కారుతున్నా అలా చూస్తూ నిలబడ్డాడట. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి గుడ్డ చుట్టాడు. "ఇదిగో, ఇంకొక్కసారి ఇలా జరిగితే నిన్ను మిషను దగ్గరికి రానివ్వను. కోపంతో కాదురా, నీ చేతులు నీకుండాలి," అన్నాడు.

ఆ మేస్త్రీకే ఓడలోని చెక్కపని విప్పే పని వచ్చింది. తలుపులు, గోడల పలకలు, మెట్ల కమ్మీలు... పాతకాలపు మంచి కలప. అన్నీ విప్పారు. కింది డెక్కు సందులో ఆ చప్పుడొచ్చే గోడ ఒక్కటే మిగిలింది. తెల్లారితే టగ్ బోట్లు వచ్చి ఓడని లాక్కుపోతాయి. ఆ రాత్రి అక్కడికి దిగడానికి ఎవడూ కదల్లేదు. ఒకడికి కడుపునొప్పి. ఇంకొకడికి ఉన్నట్టుండి అత్తగారి మీద ప్రేమ పుట్టి ఊరెళ్ళాడు.

"నేను వెళ్తాను," అన్నాడు మనవాడు. "నాకెలాగూ నిద్ర రాదు."

జెట్టీ మీద ముసలాయన చెయ్యి పట్టుకుని ఆపి, గుసగుసగా చెప్పాడు.

"అన్నా... మూడు కొడుతుంది. కొట్టనీ. నువ్వు మాత్రం జవాబివ్వకు."

"ఇస్తే?"

"ఏమో. ఇచ్చినవాడెవడూ లేడుగా చెప్పడానికి. అందరూ పరిగెత్తినవాళ్ళే."

ఎక్కాడు. టార్చి వెలుగులో మెట్లు దిగుతున్నాడు. కమ్మీలన్నీ విప్పేశారు గానీ చివరి ముక్క ఒకటి మిగిలిపోయింది. దాని కొసకి చెక్కిన చేప బొమ్మ. చెయ్యి దానిమీద పడింది...

ఆగిపోయాడు.

చేపకి తోక విరిగి ఉంది.

ఆ తోక అతనికి తెలుసు! ఇరవై ఏడేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, అతను జీవితంలో మొదటిసారి ఎక్కిన విహారపు ఓడ ఇదే. అప్పుడూ ఆ చేపకి తోక లేదు. మెట్లు దిగిన ప్రతిసారీ ఆవిడ దాని వీపు నిమిరి, "పాపం, ఈదలేకే ఇక్కడ కూర్చుంది," అనేది. "నువ్వు వడ్రంగివేగా, ఒక తోక చేసిపెట్టకూడదూ?"

రంగులు మారి, పేరు మారి, ఇన్నాళ్ళూ పోల్చుకోలేదు. చెయ్యి పోల్చుకుంది.

మరి గుండె దడదడలాడిందా అని అడిగాను. లేదండీ అన్నాడు. ఓహో, ఇదేనా అనుకున్నాడట. అంతే.

ఆ మొదటి ప్రయాణం గురించి మాత్రం చెప్పాడు. పైన రంగు కాగితాల రిబ్బన్లు విసురుతూ జనం. ఓడ కదలగానే ఆవిడ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. అయిదు రాత్రుల విహారం. ఏడాది పాటు ఓవర్‌టైములు చేసి, అన్నిటికంటే చౌక టికెట్లు కొన్నాడు మహానుభావుడు. కొన్నాడు గానీ, వెనకాల చిన్న అక్షరాలు చదవలేదు. ఆ తరగతిలో మగవాళ్ళు నలుగురు ఒక కేబిన్‌లో, ఆడవాళ్ళు నలుగురు పక్క కేబిన్‌లో!

ఆవిడ తలుపు దగ్గర పెట్టె దింపి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఓహో, హనీమూన్ అంటే ఇదన్నమాట. నేను ముగ్గురు పెద్దమ్మలతో, నువ్వు ముగ్గురు బాబాయిలతో!"

"చూసుకోలేదే..."

"ఇంటికెళ్ళాక చూసుకుందువుగాని. ముందు లోపలికి పో, బాబాయిలు ఎదురుచూస్తున్నారు."

పోట్లాడలేదు. కనుక్కుంది... ఇద్దరి కింది బెర్తులూ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయని. ఆ రాత్రి దువ్వెన కొసతో తట్టింది.

టక్, టక్, టక్. మూడు. అంటే, పడుకున్నావా?

అతను రెండు కొట్టాలి. అంటే, లేదు.

అప్పుడావిడ ఒక్కటి కొడుతుంది. అంటే, సరే, ఇక పడుకో.

పై బెర్తులో మంగలిపని చేసే బాబాయి ఉండేవాడు. చీకట్లో లేచి కూర్చున్నాడట. "ఒరేయ్, ఓడలో ఎలుకలున్నాయిరా!"

"ఎలుక కాదు బాబాయ్, మా ఆవిడ."

"నయం. ఎలుకైతే నిద్రపోనిచ్చేది కాదు. ఏం, నీ ఆవిడ పోనిస్తుందా?"

ఇంటికొచ్చాకా ఆ అలవాటు పోలేదు. వంటింటి గోడ మీద, మంచం కోడు మీద, అలిగినప్పుడు మూసిన తలుపు మీద. ఇరవై ఏడేళ్ళు. మూడు, రెండు, ఒకటి.

సరే. ఇప్పుడు వినండి.

కింది డెక్కు. సందులో నీళ్ళ వాసన, పాత వార్నిష్ వాసన. అతను అప్పట్లో తను పడుకున్న మగవాళ్ళ కేబిన్‌లో టార్చి నిలబెట్టాడు. ఆ గోడ పలకలే విప్పాలి. మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించాడు...

టక్.

చెయ్యి ఆగింది.

టక్... టక్.

గోడ అవతలనుంచి. అదే ఎత్తులో... అదే చోట.

భయపడాలి కదా, అనుకున్నాడట. భయం కూడా రాలేదు. కానీ గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పనిది, కూతురికి కూడా చెప్పనిది గుర్తొచ్చింది.

ఆసుపత్రిలో ఆవిడ చివరి రాత్రి. వారం రోజులుగా కుర్చీలోనే అతని కాపురం. తెల్లవారుజామున చప్పుడు వినపడింది. మంచం కమ్మీ మీద. మూడు. నెమ్మదిగా, గోటితో.

అతను మెలకువగానే ఉన్నాడు.

విన్నాడు. కళ్ళు తెరవలేదు. ఒళ్ళు అంత అలిసిపోయింది. రెండు నిమిషాలు... రెండే నిమిషాలు ఆగి పలుకుదాం అనుకున్నాడు. నిద్రపోతున్నట్టు నటించాడు.

అలాగే నిజంగా నిద్ర పట్టేసింది. లేచేసరికి నర్సు ఆవిడ మొహం మీదికి దుప్పటి లాగుతోంది.

అదండీ. అప్పటినుంచి ఇక నిద్ర పట్టలేదు. ఇది చెప్పేటప్పుడు అతని నోట్లో స్క్రూలు లేవు. అయినా మాట ఆగిపోయింది.

మళ్ళీ ఓడలోకి వద్దాం.

టార్చి తీసుకుని సందులోకొచ్చాడు. పక్క కేబిన్ తలుపు తోశాడు. కీచుమంది. లోపల నాలుగు ఖాళీ బెర్తులు. ఎవరూ లేరు. గోడ పక్కన ఏదో... ఊగుతోంది.

చెక్క హేంగరు!

బట్టలు తగిలించే హేంగరు. కింది బెర్తు ఎత్తులో ఉన్న ఇనప కడ్డీకి వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. గుండ్రటి కిటికీలోంచి చూస్తే దూరంగా ఆఖరి ఫెర్రీ దీపాలు. రోజూ పదకొండుకి అటే పోతుంది. దాని అల వచ్చి ఓడని కదుపుతుంది. హేంగరు గోడకి మూడుసార్లు తగిలి, అల తగ్గగానే ఆగిపోతుంది.

అంతే! నలుగురు వాచ్‌మెన్‌ని పరిగెత్తించిన దెయ్యం అదీ.

చూశారా, మీరందరూ ఊపిరి వదిలారు. నేనూ వదిలాను. "హమ్మయ్య అనుకున్నావా?" అని అడిగాను. "లేదండీ. హమ్మయ్యా లేదు, అయ్యో లేదు," అన్నాడు.

హేంగరు తీసి పనిముట్ల సంచీలో పడేశాడు. వెనక్కి తిరుగుతుంటే, కింది బెర్తు పక్కన, గోడ మీద బొటనవేలు ఆనింది. చిన్న చిన్న గుంటలు. ఎన్నిసార్లు రంగు వేసినా పూడనివి. దువ్వెన కొస అంత.

మగవాళ్ళ కేబిన్‌కి వచ్చాడు. పని మొదలుపెట్టలేదు. తన పాత బెర్తు మీద, వట్టి చెక్క మీద, పడుకున్నాడు. అలా ఎంతసేపో తెలీదు. ఫెర్రీ ఎప్పుడో పోయింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఓడ కదలడం లేదు. ఎక్కడా చిటుక్కుమనడం లేదు.

చెయ్యెత్తి... వేలి కణుపుతో... గోడ మీద కొట్టాడు.

టక్, టక్.

రెండు.

"ఎందుకయ్యా కొట్టావు?" అన్నాను. "దెయ్యం లేదని నీకే తెలిసిందిగా."

"ఇవ్వాల్సిన జవాబు కదండీ. ఆలస్యమైంది. అంతే."

గోడ పలకలేదు. పలకదని అతనికీ తెలుసు. హేంగరు తన సంచీలోనే ఉంది. చెయ్యి దించాడు. కళ్ళు మూశాడు.

అప్పుడు...

అవతలినుంచి...

టక్.

ఒక్కటి.

బయటనుంచి టగ్ బోటు హారన్ మోగేదాకా అతను కదల్లేదు. కళ్ళు తెరిస్తే కిటికీలో ఎండ. నాలుగు నెలల్లో మొదటిసారి నిద్రపోయాడు. చెంప కింద చెక్క తడిసి ఉందట. ఎప్పుడు తడిసిందో తెలీదన్నాడు.

ముసలి వాచ్‌మన్ ఏమైనా తట్టాడేమో అని అడిగాను. ఆ రాత్రి ఓడ మెట్టు కూడా ఎక్కలేదని ఆ ముసలాయనే తన మనవరాలి మీద ఒట్టేశాడట. చెక్క చల్లబడి బిగుసుకుంటే చప్పుడు చేస్తుందిగా అని కూడా అడిగాను. "చేస్తుందండీ. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నాను ఆ చప్పుడు," అన్నాడు. "ఇది అది కాదు." ఆపైన తలుపు స్క్రూ బిగించుకుంటూ పోయాడు.

మేస్త్రీ జెట్టీ మీద సరుకు చూసుకుంటూ, "ఒక గోడ తక్కువొచ్చిందే?" అన్నాడట.

"అది రాలేదు మేస్త్రీ. స్క్రూలు తుప్పు పట్టాయి."

"నీకు రాని స్క్రూ ఉందట్రా!" అని తిట్టబోయి మొహం చూసి ఆగాడు. కళ్ళు ఉబ్బి, చెంప మీద చెక్క గీతలు అచ్చు పడి ఉన్నాయి. మేస్త్రీ గొంతు తగ్గించాడు.

"పడుకున్నావా?"

"పడుకున్నాను మేస్త్రీ."

మేస్త్రీ ఆ గోడ సంగతి మళ్ళీ ఎత్తలేదు. టగ్ బోట్లు ఓడని లాక్కుపోయాయి. ఆ ఒక్క గోడా ఓడతోనే పోయింది. కనపడనంత దూరం పోయేదాకా మనవాడు జెట్టీ మీదే నిలబడ్డాడు. ఇప్పటికీ పెద్దగా మాట్లాడడు, పెద్దగా నవ్వడు. కానీ రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు.

ఆ ఒక్క చప్పుడు ఎవరిది అని నన్ను అడక్కండి. దేవుడి గదిలో కూర్చుని నాకు తెలియనిది తెలుసని చెప్పలేను.

తెలిసింది ఒక్కటే చెప్తాను. ఈ రాత్రి ఇంటికెళ్ళి దీపం ఆర్పాక, పక్కగదిలోంచో, పక్క మంచం మీదనుంచో ఎవరైనా "పడుకున్నావా?" అంటే, ఒళ్ళు ఎంత అలిసినా సరే, నిద్ర నటించకండి. మాట రాకపోతే రెండుసార్లు తట్టండి. ఈ ఒక్క పనీ గుర్తుపెట్టుకోండి. ఈ రాత్రి చెయ్యండి, రేపూ చెయ్యండి, మీ పిల్లలకీ నేర్పండి.

తాతగారూ, ఇక గోడకి ఆనుకోవచ్చు. అవతలినుంచి తడితే మాత్రం... పలకండి.