అరలీటరు సీసా

"మూడో ప్లాట్‌ఫారం," అంది మేడమ్, కాగితం బల్ల మీద పడేస్తూ.

బ్రీఫింగ్ గదిలో తలలన్నీ ఊగాయి. కోడ్ సెక్షన్‌కి ఆమే హెడ్. విదేశీ ముఠా సందేశాలు కెమికల్ ఆర్డర్లలా వస్తాయి. ఆ ద్రావణం మొలారిటీ, అంటే గాఢత ఎంతో, అదే చేరాల్సిన చోటి నంబరు. ఆ లెక్క ఆఫీసులో ఆమెకొక్కతెకే వచ్చు. ఈసారి వచ్చింది: కాస్టిక్ సోడా 120 గ్రాములు, సీసా అరలీటరు. నాలుగూ పది బండికి మన ఏజెంట్లందరి పేర్లున్న మైక్రోఫిల్మ్ చేతులు మారబోతోంది.

"ఎనిమిదో క్లాసూ, మీ అన్నలా నంబరు తప్పు వినకు," అన్నాడు చీఫ్, వెనక నిలబడ్డ కుర్ర ఏజెంటుతో.

ఎవరో కిసుక్కున నవ్వారు. చదువు ఎనిమిదితో ఆగిపోయినందుకు ఆ కుర్రాడికి ఆఫీసు పెట్టిన పేరది.

రెండేళ్ళ కిందట ఇలాగే, 80 గ్రాములు, అరలీటరు. మేడమ్ ఫోన్లో నంబరు చెప్పింది. అన్న రెండో గోడౌన్‌కి వెళ్ళాడు. అక్కడ తుపాకులు కాచుక్కూచున్నాయి. తను నాలుగన్నాననీ, అతనే తప్పు విన్నాడనీ ఆమె ఫైల్లో రాసి మూసేసింది.

అన్న శవం జేబులో దొరికిన ఆ ఆర్డరు చీటీని వదిన చాలాసేపు చూసింది. ఆవిడ ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ టీచరు.

"నలభై గ్రాములకి ఒక మోల్. ఎనభైకి రెండు. అక్కడ ఆగితే మొలారిటీ కాదు అబ్బాయ్. లీటర్లతో భాగించాలి. అరతో భాగిస్తే నాలుగు. మా పిల్లలు ఏటా చేసే తప్పే ఇది. అంత చదివినావిడ పొరపాటున చెయ్యదు."

నూట ఇరవైకి మూడు మోల్స్. అరతో భాగిస్తే ఆరు. అతను ఎవరికీ చెప్పలేదు. చీఫ్ బలగంతో మూడో ప్లాట్‌ఫారానికి వెళ్ళాడు. అతను పోర్టర్ చొక్కా తొడుక్కుని ఆరుకి వెళ్ళాడు.

నాలుగూ తొమ్మిది. తలనొప్పని ఆఫీసులో ఉండిపోయిన మేడమ్, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫస్ట్ క్లాస్ కిటికీ దగ్గరికొచ్చింది. చేతిలో లిప్‌స్టిక్. లోపలినుంచి తెల్లటి చెయ్యొకటి బయటికొచ్చింది. కూత వేసి బండి కదిలింది. రెండు చేతులకీ మధ్య అంగుళం ఉందనగా అతను సామాన్ల మీదనుంచి దూకి ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. లిప్‌స్టిక్‌లో దాచిన మైక్రోఫిల్మ్ అందకుండానే తెల్ల చెయ్యి ఖాళీగా వెళ్ళిపోయింది.

"నీకెవరు చెప్పారు?"

"భాగించాను మేడమ్. మీలా మధ్యలో ఆగలేదు."

ఆమె నవ్వింది. "మీ అన్నకి రెండని చెప్పింది నేనే. కాగితం అతని చేతిలోనే ఉంది, లెక్క చూసుకోలేదు. నేను చెబితే మీ ఆఫీసులో ఎవరూ చూసుకోరు."

చొక్కా కింద పిస్టల్ మీద అతని వేలు బిగిసింది. రెండేళ్ళుగా ఆ తూటాని ఆమె కోసమే దాచాడు. మెల్లగా వేలు తీసేసి కాలరు బొత్తాం చూపించాడు.

"మైక్. మూడో ప్లాట్‌ఫారంలో చీఫ్ వింటున్నాడు."

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. తూటా అయితే అంత బాగా తగిలేది కాదు.

చీఫ్ రొప్పుతూ వచ్చాడు. "రిపోర్టు రాసివ్వవయ్యా," అన్నాడు.

"మీరే రాయండి సార్. మా అన్న తప్పు వినలేదని మొదటి లైన్లో రాసి, తీసుకెళ్ళి మా వదినకి చూపించండి. దిద్ది ఇస్తుంది. మార్కులు మాత్రం ఆవిడ దగ్గర అంత తేలిగ్గా పడవు."